తొంభైలో పట్టని ఆదివారం

మా కోడలు ఫోను తెచ్చి నా కళ్లద్దాల ముందు పెట్టి, "అత్తమ్మా, అంత కలిపి తొంభై దాటొద్దు," అంది.

తొంభై రూపాయలు కాదు, తొంభై అక్షరాలు. ఫోనులో ప్రకటన వేయాలంటే పైన లావు వరుసకు ముప్పై, కింద వివరణకు తొంభై. అది దాటితే పెట్టె అంచు ఎర్రబడుతుంది, మీట నొక్కినా కదలదు. నేను ఖానాపూర్‌లో లెక్కల టీచరుగా మొదలై కరీంనగర్‌లో రిటైరైనదాన్ని. హద్దు పెట్టి ఇంతలోనే చెయ్యి అంటే నాకు కోపం రాదు, ఉత్సాహం వస్తుంది. ఆ ఉత్సాహమే మమ్మల్ని ఒక శనివారం సాయంత్రం ఇరుకున పెట్టింది.

మా కోడలు, నేను, మా సందు చివర ఉండే పెద్దక్క కలిసి సకినాలు చేసి అమ్ముతాం. ఆమె నాకు బంధువు కాదు. నాకన్నా పెద్దది, మా చర్చి సంఘంలో అందరికీ పెద్దది, అందుకని అక్క. ఆమె భర్త జైనూర్ దిక్కు గూడేల్లో వాక్యం చెబుతూ తిరిగిన మనిషి. ఆయన పోయాక ఆమె మా సందుకు వచ్చింది. సకినం చుట్టడంలో ఆమె చేతికి సాటి లేదు. బొటనవేలితో రాస్తుంటే పిండి దారంలా దిగుతుంది, చుట్టు మీద చుట్టు తాకీ తాకనట్టు కూర్చుంటుంది. నేను చుడితే రెండు చుట్లు దాటగానే పిండి విరుగుతుంది. అందుకే నా పని తూకం, డబ్బాలు, తేదీలు, ఫోనులో రాత.

మాతో చేరిన రోజే ఆమె ఒక్క షరతు పెట్టింది. "ఆదివారం పొయ్యి ముట్టియ్యద్దు. ముట్టిస్తే సోమవారం నుంచి నేను రాను."

అది మాకు షరతులాగా కూడా అనిపించలేదు. మా అత్తగారింట్లో ఆదివారం విసుర్రాయి తిప్పేవారు కాదు. పిండి శనివారమే విసిరి పెట్టుకునేవారు. ఆరాధనకు పోయి వచ్చి, పొద్దున వండిందే తినేవారు. ఇప్పుడు ఇంట్లో అంత పట్టింపు లేదు. ఆదివారం మేమూ కూర వండుకుంటాం. కానీ అమ్మకానికి కడాయి పెట్టం.

ప్రకటన రాసిన రోజు మేం ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. పై వరుస తేలికగా కుదిరింది: "కరీంనగర్ సకినాలు". సకినాలు అంటే మనకు నాలుగు అక్షరాలు, ఫోనుకు ఏడు. గుడినీ కొమ్మునూ దీర్ఘాన్నీ కూడా అది విడిగా లెక్కపెడుతుంది. రెండు మాటల మధ్య ఖాళీకీ ఒకటి పట్టుకుంటుంది. అలా పదహారు అయింది. ఇంకా పద్నాలుగు ఖాళీగా ఉన్నాయి, అయినా దుకాణం పేరు పక్కన ఇంకేం రాస్తాం అనుకున్నాం. కింది వరుసకు నేను పెన్సిలుతో ఇలా రాశాను:

"చేత్తో చుట్టిన సకినాలు. గల్ఫ్ ప్రయాణానికి డబ్బా ప్యాకింగ్. చెప్పిన రోజుకు సిద్ధం. ఆదివారం సెలవు."

లెక్కపెడితే తొంభై ఆరు. ఆరు ఎక్కువ.

"డబ్బా తీసేస్తే సరిగ్గా తొంభై," అన్నాను. ఖాళీతో కలిపి ఆ మాట ఆరే.

కోడలు ఒప్పుకోలేదు. "డబ్బా లేకుంటె కవర్ల పోసి ఇస్తరనుకుంటరు అత్తమ్మా. దుబాయ్ చేరేదాంక పిండి పిండి అయితయని ఎవలు కొనరు."

"అయితే చేత్తో తీసేద్దాం."

ఈసారి పెద్దక్క లేచింది. "నా చెయ్యి తీసేస్తవా? మెషిన్ల వొత్తినయి బజార్ల కుప్పలు కుప్పలు ఉన్నయి. ఇగ మనయి ఎందుకు కొంటరు?"

చెప్పిన రోజుకు సిద్ధం అన్నది నా మాట. తేదీ అంటే తేదీయే అని జీవితమంతా పిల్లలకు చెప్పినదాన్ని, దాన్ని నేను వదలను. పెన్సిలు కొసతో ఒక్కో మాటనూ తాకుతూ పోయాను. ప్రతి మాటకూ ఎవరో ఒకరు అడ్డం పడ్డారు. చివరి రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ అడ్డం పడలేదు.

"ఆదివారం సెలవు తీసెయ్యుండ్రి," అంది కోడలు. "మనం ఆదివారం చెయ్యమని ఎవలకు తెల్వది?"

నేను పెద్దక్క వంక చూశాను. ఆమె నవ్వింది. "గది గూడ రాయాల్నా? పొద్దుగాల పొద్దు పొడుస్తదని రాస్తమా?"

కొట్టేశాను. ఎనభై ఒకటి. తొమ్మిది మిగిలాయి. పెట్టె అంచు పచ్చబడింది.

అప్పటి నుంచి నాకో రోగం పట్టుకుంది. బస్సు మీద బోర్డు చూస్తే లెక్క, పెళ్లి ఫ్లెక్సీ చూస్తే లెక్క. కోడలు "అత్తమ్మా, చాయ్ పెట్టాల్నా?" అంటే వేళ్లు మడిచి లెక్క. మంచం మీద పడుకున్నా వేళ్లు ఊరుకునేవి కావు. ఆర్డర్లు వస్తున్నాయి. మా సందు మొహం ఎప్పుడూ చూడనివాళ్లు ఫోను చేస్తున్నారు. గల్ఫ్‌కు పోయే మనిషి ఉన్న ప్రతి ఇల్లూ మా డబ్బా అడుగుతున్నట్టు అనిపించింది. సంతోషపడాల్సింది పోయి నాకు నెమ్మది లేకుండా పోయింది. ఆ రాతలో ఏదో తప్పిపోయిందని మనసు చెబుతోంది. మళ్లీ మళ్లీ చదివేదాన్ని. ఎనభై ఒకటి, సరిగ్గానే ఉంది. తప్పు కనబడేది కాదు.

పత్తి ఏరే రోజులు అవి. ఒక శనివారం పెళ్లివారింటికి సారె సకినాలు పోయాయి. పొద్దుటి నుంచి చేసినవన్నీ వాళ్ల బుట్టల్లోకే ఎక్కాయి. ఇంట్లో విరిగిన ముక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. పెద్దక్క చేతులు కడుక్కుని ఇంటికి పోయింది. కోడలు కడాయి బోర్లించింది. పొద్దు గూకుతుండగా ఫోను మోగింది. జమ్మికుంట పక్క ఊరి నుంచి ఒకామె.

"రేపు ఏ యాళ్లకు రావాలె చెల్లె?"

కోడలు నా వైపు చూసి ఫోను స్పీకరులో పెట్టింది. "రేపా? ఎందుకమ్మా?"

"ఎందుకేంది? సకినాలకు. నా కొడుకు రేపు దుబాయ్ పోతుండు. మూడు గంటలకు పట్నం బస్సెక్కాలె. డబ్బా ఖరారు చేసినం గద, ఐదు చుట్లవి."

కోడలు గబగబా ఫోనులో వెనక్కి వెతికింది. ఆర్డరు ఉంది. తేదీ అంకెలో ఉంది. అంకెను చూసిందే తప్ప అది ఏ వారమో చూడలేదు. నాతో చెప్పినప్పుడు నేను కూడా క్యాలెండరు తిరగేయలేదు.

"రేపు ఆదివారం అమ్మా. ఆదివారం మేం చెయ్యం," అంది కోడలు మెల్లగా.

"గట్లని ఏడ రాసిన్రు?"

కోడలు ప్రకటన తెరిచి నాకు చూపించింది.

"చెప్పిన రోజుకు సిద్ధం అని రాసిన్రు. నా కొడుకే చదివి వినిపిచ్చిండు. గా మాట చూసే మీకు చెప్పినం. లేకుంటె నేను గిట్ల కొనుక్కునేదాన్నా?" ఆమె గొంతు సన్నబడింది. "కుడిచెయ్యి మణికట్టు ఇరిగి కట్టు కట్టిన్రు. నా కోడలు పురిటికి తల్లిగారింటికి పోయింది. ఊళ్లె ఆడోళ్లందరు పొద్దు పొడవకముందే పత్తి చేన్ల ఉంటరు, ఎవలను పిలువాలె? పోయినసారి వాడు ఉట్టి చేతులతోటి పోయిండు. గీసారి రూమ్ల ఉండే పిల్లలందరికి చెప్పుకున్నడట, మా అవ్వ ఐదు చుట్ల సకినాలు కట్టిస్తదని."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కోపానికి సమాధానం ఉంటుంది.

"ఫోన్ కాడనే ఉండుండ్రి," అన్నాను నేను. "ఒక్క గడియ ఆగి మేమే మళ్ల చేస్తం."

కోడలు నా మొహం చూసింది. "బజార్ల కొని డబ్బాల పోసి ఇద్దామా అత్తమ్మా?"

"చేత్తో అని రాసినం గదనే."

"ఐదు చుట్లవి దొరకయి కూడా," అని ఆమే ఒప్పుకుంది.

ఇద్దరం సందు చివరకు నడిచాం. పెద్దక్క గడప మీద కూర్చుని మరునాటి తెల్లచీర మడతలు సరిచేస్తోంది. విన్నది. చీర మడిచి పక్కన పెట్టింది.

"మాటిచ్చింది మీరు. ఆదివారం పొయ్యికాడికి నేను రాను," అంది.

"అక్కా, ఆ రెండు మాటలు కొట్టేసేటప్పుడు నువ్వూ నవ్వినవు."

"నవ్విన. నవ్వినందుకు పొయ్యి ముట్టియ్యాల్నా?"

మేం తిరిగి వస్తుంటే వెనక నుంచి పిలిచింది. "బియ్యం నానబెట్టిన్రా?"

"లేదక్కా. నానబెట్టొచ్చా?"

"నానేది బియ్యం, మనం కాదు," అని తలుపు వేసుకుంది.

ఇంటికి వచ్చి బియ్యం కడిగి నానబోశాం. జమ్మికుంట ఆమెకు ఫోను చేసి, పొద్దున రమ్మన్నాం. ఎవరు చుడతారో, ఎవరు వేయిస్తారో మేం ఇంకా అనుకోలేదు. మాట మాత్రం ఇంకోసారి ఇచ్చేశాం.

మరునాడు పొద్దున పిండి గిర్నీ మూసి ఉంటుంది కాబట్టి కోడలు తడిబియ్యాన్ని మిక్సీలో కొంచెం కొంచెం పట్టింది. మిక్సీ జార్ వేడెక్కగానే ఆపుతుంది, జల్లెడ పడుతుంది, మళ్లీ వేస్తుంది. నేను నువ్వులూ వామూ కొలిచి పెట్టి, చీర మార్చుకుని ఆరాధనకు బయలుదేరాను. ఒక్క ఆదివారం కూడా తప్పని మనిషిని. నాలుగడుగులు వేసి ఆగాను. వెనక్కి వచ్చి నూనె డబ్బా అటక మీద నుంచి దింపి పొయ్యి పక్కన పెట్టాను. మళ్లీ బయలుదేరాను.

"మీరు పోండ్రి అత్తమ్మా, నేను ముట్టిస్త. పాపం నాకే తగులుతది," అంది కోడలు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

చర్చిలో ఎప్పటిలాగే పెద్దక్క పక్కన కూర్చున్నాను. పాట అందుకున్నారు, ముగించారు. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. నా కళ్లు గోడ మీద రాసిన వాక్యం మీద పడ్డాయి, వేళ్లు లెక్క మొదలుపెట్టాయి. గుడులు, కొమ్ములు, ఒత్తులు, ఖాళీలు. మధ్యలో లెక్క తప్పింది. మళ్లీ మొదటికి వచ్చాను. మళ్లీ తప్పింది. లెక్క తప్పడం నాకు అలవాటు లేదు. అక్కడ గోడ మీద వాక్యం ఉంది, ఇక్కడ నా ఒళ్లో చేతులున్నాయి, అటు ఇంట్లో ఒక్కతే ఐదు చుట్లు చుట్టలేక కూర్చున్న పిల్ల ఉంది. బస్సు మూడు గంటలకు.

లేచాను. పెద్దక్క నా కొంగు పట్టుకుంది.

"ఏడికి?" గుసగుసగా అడిగింది.

"చుట్టనీకి."

"నువ్వా? నీకు రెండే వస్తయి గద."

"రెండే చుడత," అని కొంగు విడిపించుకుని బయటకు వచ్చాను.

ఇంటికి చేరేసరికి జమ్మికుంట ఆమె వచ్చి కూర్చుని ఉంది. నడివయసు మనిషి. కుడిచేతికి పిండికట్టు, మెడలో వేలాడే గుడ్డలో ఆ చెయ్యి. కొడుకును పెట్టెలతో బస్టాండులో కూర్చోబెట్టి తాను వచ్చిందట. నేల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద మా కోడలు చుట్టినవి పది పన్నెండు, సగం విరిగినవి. నేనూ కూర్చున్నాను. నాకు పిండి దారంలా దిగదు, తాడులా దిగుతుంది. మూడో చుట్టు దగ్గర తెగింది.

ఆమె కాసేపు ఓర్చుకుంది. తర్వాత ఆగలేకపోయింది. "టీచరమ్మా, గది సకినమా, జిలేబా?"

"నీ కొడుకు రూమ్ల పిల్లలకు జిలేబంటె ఇష్టం లేదా?"

"ఇష్టమే గని, మా అవ్వ చుట్టింది అని చెప్పుకోవాలె గదమ్మా." నవ్వుతూనే అంది, కానీ కళ్లు గడియారం మీద ఉన్నాయి. ఎడమచేత్తో పిండి ముద్ద తీసుకుని ఒక చుట్టు ప్రయత్నించింది. పడింది గానీ సగంలో చెయ్యి ఆగిపోయింది. "ఎడమ చెయ్యికి తెల్వది," అని ముద్ద పక్కన పెట్టింది.

కోడలు పొయ్యి ముట్టించింది. ముట్టించేటప్పుడు నా వైపు చూడలేదు. కడాయిలో నూనె పోసింది. ఐదు చుట్లు నిలిచినవి కొన్నే ఉన్నాయి, వాటినే ముందు వేద్దామని గుడ్డ మీద నుంచి ఒక్కొక్కటి లేపుతుంటే అవీ చేతిలో విరిగాయి. ఇంకా ఆరలేదు. నూనె కాగిపోతోంది. నేను చుట్టడం ఆపి గడియారం చూశాను. ఇట్లా చేస్తే డబ్బా నిండదు. డబ్బా కాదు, అడుగు కూడా కనబడకుండా కప్పలేం. జమ్మికుంట ఆమె ఒళ్లో ఖాళీ డబ్బా పెట్టుకుని మూతను తీస్తోంది, పెడుతోంది.

గేటు చప్పుడైంది. పెద్దక్క. తెల్లచీర, చంకలో బైబిలు. ఆరాధన ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది. గుమ్మంలో నిలబడి అన్నీ చూసింది. గుడ్డను, నన్ను, కట్టు ఉన్న చేతిని, మంటను. కోడలు చేతిలో జల్లిగంటె అట్లాగే ఆగిపోయింది.

"నూనె పొగలొస్తున్నది," అంది పెద్దక్క. "మంట తగ్గియ్యి. ఒళ్లు కాలిన సకినం నల్లగైతది."

కోడలు మంట తగ్గించింది.

పెద్దక్క బైబిలును కిటికీ అరుగు మీద పెట్టింది. చేతులు కడుక్కుంది. పొయ్యి వైపు వీపు పెట్టి గుడ్డ దగ్గర కూర్చుంది. పిండిని చిటికెలో నలిపి చూసి, "నీళ్లు తక్కువైనయి. అందుకే తెగుతున్నయి. ఇంత కొలిచి కొలిచి పోస్తే పిండికి దాహం తీరుతదా?" అని నన్నే తిట్టింది. తడిచేసి పిసికింది. బొటనవేలు కదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. చుట్టు మీద చుట్టు.

జమ్మికుంట ఆమె ముందుకు వంగి చూసింది. చూసి చూసి, కొంచెం భయంగా అడిగింది. "మీకు పాపం కాదా అక్కా, ఆదివారం గిట్ల చేస్తె? మీ దేవునికి కోపం రాదా?"

"వస్తది. నాతోటి మాట్లాడుకుంటడు. నీ కొడుకు బస్సును ఎందుకు ఆపుతడు?" చెయ్యి ఆపకుండానే అంది పెద్దక్క. "నువ్వు జర గా విసనకర్ర అందుకో, ఎడమచెయ్యి ఉన్నది గద. ఆరాలె ఇవి."

ఆమె విసిరింది. కోడలు వేయించింది. నేను చేయగలిగిందల్లా పేపరు కత్తిరించి డబ్బాలో వరుసకు వరుసకు మధ్య పరవడం. సకినాలు ఎర్రబడకముందే తీయాలి, చల్లారకముందు డబ్బాలో పెట్టొద్దు. మెత్తబడతాయి. ఆ చల్లారే కాసేపు మేం నలుగురం గోడమీది గడియారాన్నే చూస్తూ కూర్చున్నాం. డబ్బా పైదాకా నిండలేదు, పై వరుసకు కొన్ని తగ్గాయి. నేను చుట్టిన రెండు చుట్లవి అక్కడ సర్దబోతే ఆమె ఆపింది.

"వద్దా?" అన్నాను.

"పెట్టుండ్రి. అట్టడుగుకు పెట్టుండ్రి," అంది.

పైవి తీసి నావి అడుగుకు వేసి, మళ్లీ సర్దాను. మూత బిగించి టేపు చుట్టాను. ఆమె ఆ డబ్బాను ఎడమ చంకలో పెట్టుకుని, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే ఆటో ఎక్కింది.

తర్వాత ఎవరికీ తిండి పట్టలేదు. పెద్దక్క ఇంటికి పోలేదు. కిటికీ దగ్గర కూర్చుంది, బైబిలు తెరవలేదు. మూడు దాటింది. మూడుంపావు అయింది. నేను ఫోను చేద్దామంటే కోడలు వద్దంది, కోడలు చేద్దామంటే నేను వద్దన్నాను. చివరకు ఫోనే మోగింది. బస్టాండు రొద.

"ఎక్కిండు," అంది ఆమె. "పెట్టె కింద పెట్టిండు గని డబ్బా ఒళ్లె పెట్టుకున్నడు. కండక్టర్ పైన పెట్టుమంటె ఇనలేదు. మూత జర లేపి చూసుకున్నడు. అచ్చం మా ఊళ్లె చుట్టినట్టే ఉన్నయన్నడు. ఆదివారం మీరు పడ్డ తిప్పలు నేనేం చెప్పలే."

"చెప్పకు," అంది పెద్దక్క నా చేతిలోని ఫోనుకు.

సోమవారం పెద్దక్క వస్తుందో రాదో తెలియక పొద్దుటి నుంచి నేను గేటు దగ్గరికి పోతూ వస్తూ ఉన్నాను. వచ్చింది. పొయ్యి దగ్గరికి పోలేదు. బల్ల దగ్గర కూర్చుని, "ఫోన్ తియ్యుండ్రి. గా ఆదివారాన్ని రాయుండ్రి. కింద కాదు, మీద రాయుండ్రి," అంది.

"పైన దుకాణం పేరుంటది పెద్దమ్మా," అంది కోడలు. "సెలవు సంగతి నెత్తిమీద రాసుకుంటె నవ్వుతరు."

"నవ్వనియ్యి. మొన్న మనమే నవ్వినం."

పెన్సిలు తీశాను. "కరీంనగర్ సకినాలు, ఆదివారం సెలవు". ముప్పై ఒకటి. ఒకటి ఎక్కువ. కోడలు ఊపిరి బిగబట్టింది. కామా తీసేస్తే ముప్పై, సరిగ్గా ముప్పై. తీసేశాను. పెట్టె పచ్చబడింది. కింది వరుసలో చెప్పిన రోజుకు సిద్ధం అన్నది ఉంచాలా వద్దా అని నేను అడిగితే ఇద్దరూ ఉంచమన్నారు. ఆరు రోజులకు ఆ మాట చెల్లుతుంది.

కానీ నాకు ఆ కామా లేని వరుస కుదురుగా లేదు. సకినాలకే సెలవు అన్నట్టుంది. ఇంకో మాట మార్చి చూద్దామా, అంకె వేద్దామా, ఊరు పేరు తీసేద్దామా అని పెన్సిలు తిప్పుతున్నాను. పెద్దక్క కాగితం లాక్కుని పైకి చదివింది. కరీంనగర్ సకినాలు అని, ఊపిరి తీసుకుని, ఆదివారం సెలవు అంది.

"చదివేటోళ్లకు ఊపిరి ఉంటది. ఇగ వదిలెయ్యి," అంది.

మీట నొక్కాం. ఆమె పిండి దగ్గరికి లేచింది. లేస్తూ లేస్తూ నాతో అంది, "వచ్చే ఆదివారం నేను సంఘంల నిలబడి చెప్త."

"ఏమని అక్కా?"

"జరిగిందే. పొయ్యి ముట్టిచ్చినం, చుట్టిన, పిలగాడు బస్సెక్కిండు. అయ్యగారికి ఎవలో చెప్పకముందు నేనే చెప్త."

"ఎంతసేపు చెప్తవు?"

"ఎంత పడితే గంత," అంది, తడిచేతిని చీరకు తుడుచుకుంటూ. "ఆడ నీ తొంభై లేదు గద."